మూడో నెంబరు ఉత్తరం

నెం. 1
బర్మామైన్స్, టాటానగర్
12-9-83

చిరంజీవి తమ్ముడు సీతారామరావుకి అక్క దాలమ్మ దీవించి రాస్తున్నది.

ముందు నీ కడుపులో మంట ఎలా ఉందో రాయి. పచ్చిమిరపకాయ మానావా, మానానని నాకు రాసి తింటున్నావా? మరదలు గౌరీదేవి మోకాలి వాపు తీసిందా, ఇంకా మెట్లు ఎక్కలేకపోతోందా? మీ అమ్మాయికి పురుడు వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్క తప్పాను. పసిదానికి పాలు సరిపోతున్నాయా? ఇక్కడ నా ఆయాసం ఉన్నదే. కోడలు రత్నానికి దగ్గు తగ్గింది. మనవరాలు చిలకకి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి, వంకరగా వస్తాయేమోనని నా భయం. అందరి సంగతీ అయ్యాక సూర్యం మాట చివరికి ఉంచాను. నా కొడుకు ఒంటికి బాగానే ఉంది. ఒంటికే.

ఉత్తరం పైన ఒకటి అని వేశాను, చూశావు కదా. నీ బావ పోయినప్పుడు రాసిన కార్డు మీకు చేరలేదు, పదకొండో రోజుకైనా మీరు రాలేకపోయారు. అప్పటినుంచి నెంబరు వెయ్యకుండా ఏ ఉత్తరమూ డబ్బాలో వెయ్యను. ఇది కొత్త విషయం గనక కొత్తగా ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఏ నెంబరు అందకపోయినా నాకు చెప్పు.

సూర్యం ప్లాంటులో ఫిట్టరు పనిలో ఉన్నాడని నీకు తెలుసు. పన్నెండు రోజుల కిందట భోజనాల వేళ సామాన్ల గదిలోకి స్పానర్ కోసం వెళ్ళాడట. తోటివాళ్ళు వేళాకోళానికి బయట గడియ పెట్టారు. రోజూ ఎవరో ఒకరికి అలా పెట్టి, తీసి, నవ్వుకుంటారట. మనవాడు తలుపు పీకేసి బయటికొచ్చి, ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ తివారీ అనే పై మేస్త్రీ, ఛార్జ్‌మన్‌ని అదే స్పానర్‌తో కొట్టాడు. చెయ్యి విరిగింది. తల మీద పడి ఉంటే?

ఇప్పుడు సస్పెండులో ఉన్నాడు. యూనియన్‌లో తిరిగే మన పోలరాజు వచ్చి చెప్పాడు. "పిన్నీ, ఆఫీసరు మంచోడే. తలకాయలో జబ్బేటైనా ఉంటే పెద్ద డాక్టరు కాయితం తెమ్మన్నాడు. జబ్బయితే సెలవిత్తారు, తేలిక పనిత్తారు. జబ్బు నేదంటే డిస్మిస్సే. క్వార్టరు కూడా ఖాళీ సెయ్యాల."

రాంచీ పిచ్చాసుపత్రి దగ్గరే. ఆ పేరెత్తితే సూర్యం లేచి బయటికి పోతున్నాడు. "రాంచీ భేజ్ దో", రాంచీకి పంపెయ్యండి అని ఇక్కడ చిన్నపిల్లలు కూడా తిట్టుకుంటారు. అక్కడికి వెళ్ళొచ్చినవాడిగా ఈ సందులో ఎలా తిరుగుతాడు? నువ్వు ఇరవై రెండేళ్ళుగా మనోవ్యాధుల ఆసుపత్రి కాగితాల గదిలో ఉన్నావు. నీకంటే మాకెవరున్నారు? తిరుగు టపాలో రాయి.

అక్క
దాలమ్మ

*

విజయనగరం
24-9-83

పూజ్యురాలు అక్కయ్యకు తమ్ముడు సీతారామరావు నమస్కరించి వ్రాయునది.

నీ ఒకటో నెంబరు అందింది. పచ్చిమిరపకాయ మానలేదు. మిగతావారు కులాసా.

సూర్యాన్ని ఇక్కడికే పంపు. మాది ట్రస్టు ఆసుపత్రి అయినా మా పెద్ద డాక్టరు గారి కాగితానికి ఎక్కడైనా విలువ ఉంది. అయితే ఆయన కాగితం ఎలా వ్రాస్తారో ముందు నువ్వు తెలుసుకోవాలి. ఇప్పుడు ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న పుస్తకం ఒకటి వచ్చింది. జబ్బు పేరు కన్నా నెంబరు ముందు. మూడొందలు వేస్తే భయాలు, దిగుళ్ళు వగైరా. అవి జబ్బులు. వైద్యం ఉంది, సెలవు ఉంది. మూడొందల ఒకటి వేస్తే జబ్బు కాదు, మనిషి స్వభావమే అలా పెరిగింది అని అర్థం. దాని కింద మళ్ళీ పాయింట్లు. డాక్టరు గారు కొత్తవాళ్ళకు ఎప్పుడూ ఒక మాట చెబుతారు. జ్వరం వచ్చినవాడు వేరు, పుట్టుకే పొట్టివాడు వేరు. మొదటివాడి సంగతి ఫలానా రోజు నుంచి అని చెప్పగలం. రెండోవాడు ఎప్పుడూ అంతే.

ఈ నెంబర్లు వ్రాసి వ్రాసి ఇంట్లోవాళ్ళకు కూడా వేస్తున్నాను. గౌరి పాయింటు ఐదు. కాలు బెణికితే వీధి వీధంతా వినాలి. మా హెడ్‌క్లర్కు పాయింటు సున్నా. ఎవరు నవ్వినా తనను చూసే అనుకుంటాడు. ఎవరితోనూ పలకని మా గేటు వాచ్‌మన్ పాయింటు రెండు. నువ్వు పాయింటు నాలుగు, సందేహం లేదు. గడియ పెట్టి మూడుసార్లు చూసుకునేవాళ్ళు, ఉత్తరాలకు నెంబర్లు వేసేవాళ్ళు అందులోకే వస్తారు. నవ్వులాటకు వ్రాశాను, కోప్పడకు.

డాక్టరు గారికి కన్నతల్లి చెప్పే చరిత్ర ముఖ్యం. సూర్యం చిన్నప్పటి సంగతులు ఏదీ వదలకుండా వ్రాయి. నీ ఉత్తరాలన్నీ నా చేత్తో ఫైలులో పెట్టి, పేజీ నెంబరు వేసి ఆయన ముందుంచుతాను. వాడు మా ఇంట్లో రెండేళ్ళు చదువుకున్న పిల్లవాడు. నీకెంతో నాకూ అంతే.

తమ్ముడు
సీతారామరావు

*

నెం. 2
బర్మామైన్స్
3-10-83

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం రత్నం రెండుసార్లు చదివి వినిపించింది, తర్వాత నేను కూడబలుక్కుని ఒకసారి చదువుకున్నాను. రాయడం వచ్చుగానీ ఒకరి చేతిరాత చదవాలంటే నాకు ఆలస్యం. పెళ్ళికి జాతకాలు చూసేటప్పుడు దేవగణం, రాక్షసగణం అని పంతులు గారు చెప్పేవారు. డాక్టర్లకీ గణాలు ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. రత్నం నవ్వి "మీ తమ్ముడు గారు మీ నెంబరు బాగా కనిపెట్టారత్తా" అంది. నవ్వితే నవ్వింది. ఈ మధ్య ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

ఏదీ వదలొద్దన్నావు. వదిలితే డాక్టరు గారికి జబ్బు దొరకదేమోనని అన్నీ రాస్తున్నాను. సూర్యానికి చిన్నప్పటి నుంచీ కోపం జాస్తి. చిన్నప్పటి నుంచీ ఒక చోట కుదురుగా ఉండడు. బడిలో మేష్టారి చెయ్యి కొరికాడు, నెత్తురొచ్చింది. ఇంట్లో పడుకోమంటే డాబా ఎక్కి పడుకునేవాడు, ఎన్ని దెబ్బలు వేసినా దిగేవాడు కాదు. సినిమా హాల్లో సగంలో లేచి, అడ్డొచ్చిన గేటువాణ్ణి తోసేసి వచ్చేశాడు. పెళ్ళయిన కొత్తలో గది తలుపు దగ్గర ఆడపిల్లలు పాట పాడితేగానీ వదలమని అడ్డం నిలబడి గొళ్ళెం పెడితే ఆ తలుపూ తన్నాడు, పెళ్ళివారి ముందు మా పరువు పోయింది. తాగడు. భార్యని ఒక్క దెబ్బ కొట్టలేదు. చిలకని భుజం మీద నుంచి దించడు. ఇవి కూడా రాయాలా, చెడ్డవే రాయాలా? నాకు తెలియక రెండూ రాశాను.

దీపావళి వెళ్ళాక ఏడో తారీఖున రత్నమూ వాడూ బయలుదేరతారు. చిలక నా దగ్గర ఉంటుంది. వాడికి ఆసుపత్రి అన్నం పడకపోతే మీ ఇంటి నుంచి చారు పంపించు.

అక్క
దాలమ్మ

*

నెం. 3
బర్మామైన్స్
9-11-83

చిరంజీవి తమ్ముడికి.

వాళ్ళు క్షేమంగా చేరారా? ఖరగ్‌పూర్‌లో బండి మారేటప్పుడు పెట్టె మరిచిపోయారేమోనని నాకు నిద్ర లేదు.

నిన్న ఒక సంగతి జరిగింది, వెంటనే రాస్తున్నాను. చిలక స్నానానికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి అడిగింది. "దాదీ, ఇస్ మే సిట్‌కినీ క్యోం నహీ?" గడియ ఎందుకు లేదని. గడియ సూర్యమే పీకేశాడు, క్వార్టరులో చేరిన రోజునే. ఏడేళ్ళుగా మేము పాటలు పాడుకుంటూ స్నానం చేస్తున్నాం, లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి. అలవాటైపోయి నేను మరిచేపోయాను. పిల్ల అడిగితే మొత్తం కళ్ళ ముందుకొచ్చింది.

రెండో నెంబరులో చిన్నప్పటి నుంచీ, చిన్నప్పటి నుంచీ అని రాశాను చూడు, అది తప్పు. డాక్టరు గారితో దిద్దించు. తొమ్మిదో ఏట మీ ఇంటికి రాకముందు వాడు ఖాళీ బియ్యం పీపాలోకి దూరి, మూత వేసుకుని, అందులోనే నిద్రపోయే పిల్లాడు. వాడికోసం వీధంతా వెతికేవాళ్ళం. డాబా ఎక్కడం మీ ఊరి నుంచి వచ్చాక. మేష్టారి చెయ్యి కొరకడం కూడా ఆ తర్వాతే. మేష్టారు వాణ్ణి గదిలోకి నెట్టి తలుపు వెయ్యబోతే కొరికాడు.

నీకు గుర్తుందా? నువ్వు ఇంటికి తెచ్చుకున్న ఆఫీసు కాగితాల మీద సిరా ఒలకబోశాడని మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేశావు. గౌరీదేవి అప్పుడు పుట్టింట్లో ఉంది. కాసేపు భయపెట్టానక్కా అని నువ్వన్నావు. వాడు నీ ఆఫీసు విడిచే వేళ దాకా అన్నాడు. పిల్లాడి మాట, నేను నీ మాటే నమ్మాను. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు తమ్ముడూ. ఆ రోజుల్లో పిల్లల్ని దండించనిది ఎవరు? నీ పాఠం నువ్వే చెప్పావు కదా, ఫలానా రోజు నుంచి అని చెప్పగలిగితే అది జ్వరం అని. ఇది ఆ రోజేమో. ఈ కాగితం తప్పకుండా డాక్టరు గారికి చూపించు.

సూర్యం వచ్చేటప్పుడు ఎండుచేపలు, మెత్తళ్ళు కొంచెం కట్టి పంపు. ఇక్కడ దొరికేవాటిలో ఉప్పు తప్ప మరేటీ ఉండదు.

అక్క
దాలమ్మ

*

నెం. 4 (కార్డు)
బర్మామైన్స్
14-11-83

తమ్ముడికి. మూడో నెంబరు అందిందా? అందినట్టు రాయలేదు. ఇంకొకటి మరిచాను. కిందటేడు దుర్గాపూజ పందిట్లో జనం నెట్టుకుంటే ఎవరితోనో కలబడ్డాడు. పనికొస్తుందేమోనని. సూర్యానికి రాత్రి పూట పెరుగు వెయ్యకండి. దాలమ్మ.

*

విజయనగరం
24-11-83

పూజ్యురాలు అక్కయ్యకు నమస్కారములు.

సూర్యం, రత్నం ఈ రోజు బయలుదేరుతున్నారు, ఈ ఉత్తరం వాళ్ళ చేతికే ఇస్తున్నాను. పది రోజులు వార్డులో ఉంచి చూశారు. డాక్టరు గారు చాలా ఓపికగా చూశారు. నేను ప్రతి రోజూ పక్కనే ఉన్నాను.

దాచి లాభం లేదు. మూడొందల ఒకటి, పాయింటు మూడు వేశారు. భగ్గుమనే తరహా స్వభావం. జబ్బు కాదు. బాల్యం నుంచీ ఉన్నట్టు తల్లి ఉత్తరాల వల్ల స్పష్టమని వ్రాశారు. వార్డులో చేరిన సాయంత్రమే తలుపు తన్నడం కూడా దానికి తోడైంది. మన చేతుల్లో ఏముంది అక్కా, ఎవరి నుదుటి వ్రాత వారిది. నీ ఉత్తరాలను డాక్టరు గారు మెచ్చుకున్నారు. ఇంత వివరంగా వ్రాసే తల్లులు లేరన్నారు.

కేసు షీటులోకి ఎక్కించుకున్నాక ఇంటివారి ఉత్తరాలు ఇంటివారికే తిరిగి ఇవ్వడం మా ఆసుపత్రి పద్ధతి. కవరులో ఉన్నాయి. నువ్వడిగిన మెత్తళ్ళు గౌరి మళ్ళీ ఒక ఎండ పెట్టి కట్టింది, ఉప్పు తక్కువే.

తమ్ముడు
సీతారామరావు

*

నెం. 5
బర్మామైన్స్
6-12-83

తమ్ముడు సీతారామరావుకి.

అందరూ క్షేమమా అని ఈసారి అడగలేను.

డాక్టరు కాగితం ఇంగ్లీషులో ఉంటే పోలరాజు చదివి అర్థం చెప్పాడు. "జబ్బేటీ నేదు పిన్నీ. మనిషే అలాంటోడు అని రాసేరు." ఈ కాగితం ఇస్తే ఉద్యోగం పోతుంది, ఇవ్వకపోయినా పోతుంది. ఆఖరి విచారణ జనవరి నెలాఖరుకి పెట్టారు.

ఆ కాగితం వెనక నా ఉత్తరాలు, నీ ఆఫీసు తెల్ల నాడాతో కట్టి. సూర్యం మంచం మీద కూర్చుని అన్నీ చదివాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చదివి, మడిచి, మళ్ళీ నాడా కట్టి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నాను పుట్టినకాడి నుంచీ ఇంతేనేటి?"

నేను కంగారులో ఏదో అన్నాను. డాక్టరు గారికోసం రాశానన్నాను.

"నీ కొడుకు మీద నువ్వే రాసిచ్చేవు. ఇంత సెడ్డోడినని తెలిస్తే పాలెందుకిచ్చేవు?"

అప్పటి నుంచి నాతో తెలుగు మాట్లాడడం లేదు. నీళ్ళకి పానీ దీజియే, చాలంటే రహనే దీజియే, అంతే. పరాయి ఇంటికొచ్చిన మనిషి గౌరవంగా మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. చిలక నా చెవిలో "దాదీ, పాపా తుమ్ సే గుస్సా హై" అంది, నాన్నకి నీ మీద కోపమని. నాకు తెలియదేటి!

ఆ కట్ట నేను విప్పాను. పైన నేను వేసుకున్న నెంబర్లు చూశాను. ఒకటి, రెండు, నాలుగు. మూడు లేదు. మళ్ళీ చూశాను, కవరు చింపి చూశాను, రత్నం పెట్టె అంతా దులిపించాను. కింద మూల నువ్వు ఎర్ర సిరాతో వేసిన పేజీ నెంబర్లు ఉన్నాయి కదా. అవి ఒకటి నుంచి ఏడు దాకా వరసగా ఉన్నాయి. ఎక్కడా ఖాళీ లేదు. నా నెంబర్లలో ఖాళీ ఉండి నీ నెంబర్లలో ఎందుకు లేదు తమ్ముడూ? మూడో నెంబరు ఎక్కడుంది?

దాలమ్మ

*

విజయనగరం
19-12-83

పూజ్యురాలు అక్కయ్యకు.

నీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను. మూడో నెంబరు నాకు అందలేదు. తపాలా వారి సంగతి నీకు కొత్త కాదు, బావ పోయినప్పటి కార్డు ఏమైంది? అందని కాగితానికి నేను పేజీ నెంబరు ఎలా వేస్తాను?

నువ్వు ప్రతిదానికీ కంగారుపడే మనిషివి. గడియ పెట్టి మూడుసార్లు చూసుకోవడం లాంటిదే ఇది. ఇందుకే నీకు పాయింటు నాలుగు అన్నాను. ఒక ఉత్తరం వల్ల నెంబరు మారిపోదు. డాక్టరు గారు పెద్దవారు. జరిగింది మరచిపోయి, సూర్యానికి ఇంకేదైనా పని చూడండి. అక్కడి అగ్రికో మార్కెట్టులో షాపు పెట్టుకునేవారు లేరా?

సీతారామరావు

*

నెం. 6
బర్మామైన్స్
2-1-84

సీతారామరావుకి.

మూడో నెంబరు నీకు అందలేదు. సరే. మరి మెత్తళ్ళు ఎవరడిగారు?

ఒకటో నెంబరు కట్టలో ఉంది, చదివించాను. మెత్తళ్ళ మాట లేదు. రెండులో లేదు. నాలుగు కార్డు, పెరుగు మాట ఉంది, మెత్తళ్ళ మాట లేదు. రత్నాన్ని అడిగాను, నువ్వేమైనా అడిగావా అని. "నానెందుకడుగుతానత్తా, మా ఆయన ఆ వాసనకే పారిపోతాడు కదా" అంది. ఉప్పు తక్కువే అని కూడా రాశావు. ఉప్పు సంగతి నేను రాసింది ఒక్క మూడో నెంబరులోనే.

మెత్తళ్ళ మూట అలాగే దూలానికి వేలాడుతోంది. ఒక్కటీ వండలేదు.

రత్నం అప్పుడు చెప్పనివి ఇప్పుడు చెప్పింది. డాక్టరు గారు సూర్యాన్ని "దేనికైనా భయమేస్తుందా?" అని అడిగారట. నువ్వు ఫైలు పట్టుకుని బల్ల పక్కనే నిలబడి ఉన్నావట. సూర్యం నీ మొహం చూసి "ఏటీ నేదండి" అన్నాడట. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి! భార్య ఎదురుగా, ఆ తాళం వేసినవాడి ఎదురుగా, నాకు తలుపు వేస్తే భయం అని ఎలా చెబుతాడు? వార్డు తలుపు వేస్తే తన్నాడని రాశారు. ఎందుకు తన్నాడో ఆ ఆసుపత్రి మొత్తంలో తెలిసినవాడివి నువ్వొక్కడివే.

పిల్లాణ్ణి ఆనాడు గదిలో పెట్టినందుకు నేను ఒక్క మాట అనలేదు. మూడో నెంబరులో కూడా నిన్ను కాపాడుకుంటూనే రాశాను, చదివావు కదా. నువ్వు చేసింది ఏమిటో చెబుతాను. నా ఉత్తరాల్లో వాడికి చెరుపు చేసేవి మూడూ ఉంచావు, వాణ్ణి కాచేది ఒక్కటి తీశావు. కన్నతల్లి చేత కొడుకు మీద సాక్ష్యం చెప్పించావు. తర్వాత మెచ్చుకున్నారని రాశావు.

మీ పుస్తకంలో దీనికి ఏ పాయింటో నాకు తెలియదు.

దాలమ్మ

*

విజయనగరం
25-1-84

అక్కా,

అందింది. నవంబరు పదమూడున అందింది. నా దగ్గరే ఉంది. చింపలేదు. కాగితాల గదిలో పెరిగినవాణ్ణి, కాగితం చింపడం నాకు చేత కాదు.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు తాళం వేశాను. తాళంచెవి జేబులో ఉంది. ఆఫీసుకు వెళ్ళాక పనిలో పడి మరచిపోయాను. మధ్యాహ్నం గుర్తొచ్చింది. సెలవు అడగడానికి భయపడ్డాను. ఐదున్నరకు వచ్చి తీశాను. వాడు ఏడవలేదు. గొంతు పోయింది, ఏడవడానికి లేదు. చేతివేళ్ళ చివర్లు చితికి ఉన్నాయి. కాసేపే అని నీకు చెప్పాను. గౌరికి అసలు చెప్పలేదు, ఈనాటికీ తెలియదు.

నీ ఉత్తరం డాక్టరు గారి ముందు పెట్టాలంటే దాని మూల నా చేత్తోనే ఎర్ర నెంబరు వెయ్యాలి. ఆయన చదివి తలెత్తి చూస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన నన్ను నమ్మకస్తుడు అంటున్నారు. పిల్లల కేసులు వచ్చినప్పుడు తల్లిదండ్రులను ఆయన మందలించేది ఇలాంటి వాటికే. కలం పట్టుకుని కూర్చున్నాను, వెయ్యలేకపోయాను. ఒక్క కాగితమే కదా అనుకున్నాను.

నువ్వు తిట్టినదానికి నేను తగినవాణ్ణే. గౌరికి మాత్రం తెలియనివ్వకు. ఉత్తరం నీకు తిరిగి పంపమంటే పంపుతాను.

సీతారామరావు

*

నెం. 7
బర్మామైన్స్
20-2-84

సీతారామరావుకి దాలమ్మ రాసేది.

గౌరీదేవి మోకాలు ఎలా ఉంది? మనసులో నీ మీద ఎంత ఉన్నా ఆ మనిషి మోకాలు అడగకుండా ఉండలేను.

ఉత్తరం నాకు పంపకు. పోస్టులో వెయ్యకు. ఉన్నచోటే ఉంచు.

పోలరాజు తిరగ్గా తిరగ్గా, మళ్ళీ ఒకసారి డాక్టరుకి చూపిస్తామని రాసిస్తే విచారణ మార్చి ఇరవైకి మార్చారు. ఇదే ఆఖరు, ఇక జరపరట. తివారీ కూడా నన్ను పిలిపించుకుని మాట్లాడాడు. చెయ్యి ఇంకా సరిగా లేవడం లేదు పాపం. "మాతాజీ, ఎవరికో ఒకరికి రోజూ పెట్టేవాళ్ళమే, ఇతనికి ఇలా అవుతుందని ఎవరికి తెలుసు" అన్నాడు. ఎవరికి తెలుసో నేను చెప్పలేదు.

నీ ఉత్తరం సూర్యానికి చదివి వినిపించాను. రత్నాన్ని చదవమంటే కాగితం తిరిగి నా చేతిలో పెట్టేసింది. నేనే అక్షరం అక్షరం కూడుకుంటూ చదివాను. పెరట్లో, తలుపు తీసి ఉంచి. వాడు గోడకి ఆనుకుని విన్నాడు. ఐదున్నరకి వచ్చి తీశాను అన్న చోట చెయ్యి ఎత్తి ఆపాడు.

"మెట్ల కింద ఆకుపచ్చ ట్రంకొకటుండేదమ్మా. దాని మీదెక్కితే తలుపు పైన సందులోంచి మావయ్య సైకిలు కనబడాల. అది వత్తాదని సూసేను. సూసి సూసి, రాదని తెలిసాక తన్నేను."

తెలుగులో అన్నాడు. రెండున్నర నెలల తర్వాత. నా కళ్ళు కనబడలేదు, కాగితం తడిసింది, నీ సిరా కొంచెం అలికింది.

ఆనాడు నీ మాట నమ్మి పిల్లాడి మాట కొట్టేశాను. వాడి తొమ్మిదో ఏట నేనొకసారి, ఇప్పుడు నీతో కలిసి మరొకసారి. నా వంతు నేను వాడి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకున్నాను. "ఊరుకో అమ్మా, అలా కూకోకు" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. అన్నం మాత్రం నా చేత్తో పెట్టించుకున్నాడు.

ఇక వచ్చే సంగతి. మీ ఇంట్లో దిగం. మా పక్క క్వార్టరు నూకమ్మ చెల్లెలు జోగమ్మ మీ ఊళ్ళోనే ఉంది, వాళ్ళ వరండా చాలు. స్టేషనుకి రావద్దు, చారు పంపొద్దు. ఈసారి సూర్యం వస్తానన్నాడు, ఒక్క షరతు పెట్టాడు. "డాక్టరు గది తలుపు తీసుంచితే వత్తాను." ఆ మాట డాక్టరు గారికి నువ్వే ముందుగా చెప్పు. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పు.

మూడో నెంబరు నీ చేత్తో ఫైలులో పెట్టు, మూల నీ ఎర్ర నెంబరు వెయ్యి, నీ చేత్తోనే ఆయనకి ఇవ్వు. నేను మళ్ళీ రాసి ఇంకొకటి తెస్తున్నాను, పైన మూడు అనే వేశాను. నీది ఆయన బల్ల మీద కనబడితే నాది బయటికి తియ్యను. కనబడకపోతే నేనే చదువుతాను. నాకు చదవడం ఆలస్యం, గుమ్మం దాకా వినబడుతుంది. గౌరీదేవి సంగతి నాకు వదలకు. ఆమెకి నేను చెప్పను, దాచను కూడా. అడిగితే అబద్ధం ఆడను.

ఆయన మూడొందలు వేస్తారో మూడొందల ఒకటే ఉంచుతారో నాకు తెలియదు. ఏదైనా సరే, అన్ని కాగితాలూ చూసి వెయ్యాలి.

ఆయన బయటి రోగుల్ని చూసేది బుధవారం అని రత్నం చెప్పింది. సోమవారం ఇక్కడ బండి ఎక్కుతాం. మార్చి పద్నాలుగు, బుధవారం, పొద్దున తొమ్మిది గంటలకి నువ్వు ఆయన గుమ్మం దగ్గర ఉండు.

దాలమ్మ